చెట్టు కాసేదాకా సాయం

తుఫాను వచ్చిందంటే సాయం బాగానే వస్తుంది. బియ్యం, పప్పు, నూనె, కొవ్వొత్తులు, పాత చీరలు లారీల్లో దిగుతాయి. నేనెవరినీ తక్కువ చేయడం లేదు. ఆకలివేళ అన్నం పెట్టిన చెయ్యి దేవుడి చెయ్యే. కానీ లారీలు వెళ్లిపోయాక మొదలయ్యే కష్టం ఆ ఇళ్లల్లో ఉండే ఆడవాళ్లకే తెలుస్తుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మా పలాస దగ్గర తీరం దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుకట! ఉద్యానం అన్న మాటే ఉద్దానమైందంటారు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి... ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస. కొబ్బరిచెట్టును ఇంటికి పెద్దకొడుకులా చూసుకునే ఊళ్లవి. తెల్లారేసరికి తోటలకు తోటలే నేలకూలాయి. పరిహారం చెట్టుకింత అని లెక్కకట్టి ఇచ్చారు.

ఇప్పుడు మన వంటింటి లెక్క వేద్దాం. నాటుకొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు. జీడిమామిడి మూడో నాలుగో ఏట పూత పట్టినా, చేతినిండా పంట రావాలంటే ఇంకా కొన్నేళ్లు ఆగాలి. పరిహారం డబ్బు పాత అప్పుకీ, ఇంటి కప్పుకీ సరి. మరి మధ్యలో ఆ ఏళ్లన్నీ పొయ్యి మీద ఎసరు పెట్టేదెలా? ఇంట్లో మగవాడు ఊరు విడవాలి.

వలస మనకు కొత్త కాదు. వెనకటికి రంగం ఓడెక్కేవారు. ఇప్పుడు గల్ఫ్, చెన్నై, హైదరాబాద్. వేటకెళ్లేవాళ్లకి గుజరాత్‌లోని వేరావల్. అక్కణ్నుంచి సముద్రంలోకి వెళ్లి 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో ఇరవైమంది 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు.

"వెళ్లినవాళ్లు మేడలు కట్టలేదా?" అంటారు. కట్టారు, సంతోషమే. కానీ ఇష్టపడి వెళ్లడం వేరు, గతిలేక వెళ్లడం వేరు. మగవాడు వెళ్లాక జీడిపిక్కల పనికి వెళ్లేది, వడ్డీ కట్టేది, కిడ్నీ పాడైన మామగారిని డయాలసిస్‌కి ఆటో ఎక్కించేది ఆ ఇంటి కోడలే.

విపత్తు సాయం ఒక ఆఫీసు, వలస ఇంకో ఆఫీసు. మన ఇల్లు మాత్రం ఒక్కటే. అందుకే నేననేది: సాయం చెట్టు కాసేదాకా ఉండాలి. ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకోకుండా, మొక్క కాపుకొచ్చేవరకు ఏటా కొంత, ఇంట్లో ఉండి తోట కాపాడే ఆడమనిషి ఖాతాలో వేయాలి. మొక్కలు పెంచే పనికి కూలి కట్టివ్వాలి.

వెళ్లక తప్పనివాళ్లకు ముందే దారి చెప్పాలి. లైసెన్సున్న ఏజెంటు విదేశీ ఉద్యోగానికి 30,000 రూపాయలు, దానిపై పన్ను తప్ప తీసుకోకూడదన్నది నిబంధన. మనవాళ్లు పుస్తెలు తాకట్టుపెట్టి లక్షలు పోస్తున్నారు. రెండేళ్లకు 275 రూపాయలు కడితే పది లక్షల ప్రమాద బీమా వచ్చే ప్రవాసీ భారతీయ బీమా సంగతి ఎంతమంది ఇల్లాళ్లకి తెలుసు? ఇవన్నీ చెప్పే మనిషి పలాసలోనో టెక్కలిలోనో ఒక బల్ల వేసుకుని కూర్చుంటే చాలు. దానికి కోట్లు అక్కర్లేదు.

ఈసారి సర్వేకి వచ్చినవాళ్లు ఎన్ని చెట్లు పడ్డాయని అడిగితే చెప్పండి. దాంతోపాటు, ఈ ఇంటి నుంచి ఎవరు వెళ్లిపోతున్నారో కూడా రాసుకోమనండి. అడగడానికి మొహమాటం ఎందుకు?