బర్జిల్లయి ఎందుకు వెళ్లలేదు?

రాజు పిలిస్తే కాదనేవారుంటారా? గిలాదు వాడైన బర్జిల్లయి కాదన్నాడు. అబ్షాలోము తిరుగుబాటుతో దావీదు యెరూషలేము విడిచి పారిపోయినప్పుడు, మహనయీములో రాజుకూ ఆయన వెంట ఉన్నవారికీ తిండీ పడకా సమకూర్చిన ధనవంతుడితడు. గండం గడిచాక యొర్దాను ఒడ్డున దావీదు అతణ్ణి తనతో వచ్చేయమన్నాడు, యెరూషలేములో తానే పోషిస్తానన్నాడు. బర్జిల్లయికి అప్పటికి ఎనభై ఏళ్లు. నోటికి రుచి తెలియడం లేదని, పాటలు పాడినా చెవికి ఎక్కవని, రాజుకు బరువు కావడం తనకిష్టం లేదని చెప్పాడు. తల్లిదండ్రుల సమాధి ఉన్న సొంత ఊళ్లోనే కన్నుమూస్తానని, తనకు బదులు కింహామును తీసుకెళ్లమని బతిమాలుకున్నాడు (2 సమూ 19:31-39). దావీదు బలవంతం చేయలేదు. ముద్దుపెట్టుకొని, దీవించి పంపాడు.

ఈ సంభాషణ సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ఎన్ని ఇళ్లలో జరగడం లేదు! “హైదరాబాదు వచ్చెయ్ నాయినా” అని కొడుకంటాడు. “నేనీడనే ఉంట బిడ్డా, ఆడ నాకు తోచదు” అని తండ్రంటాడు. పిల్లలు తమతో రమ్మనడం లేదని మనం తొందరపడి తీర్పు తీరుస్తాం గాని, చాలామంది పిల్లలు పిలుస్తూనే ఉన్నారు. వెళ్లనిది పెద్దలే. వెళ్లి, నాలుగు నెలలు అపార్ట్‌మెంటులో తలుపు మూసుకొని కూర్చొని, తిరిగి వచ్చినవారూ ఉన్నారు. వాళ్లను మొండివాళ్లనడం తేలిక. కాని తన ఊరు, తన భాష, తన చర్చి గంట, భార్యను పాతిపెట్టిన సమాధుల తోట, ఇవన్నీ వదిలి వెళ్లమనడం చిన్న కోరికేమీ కాదు. బర్జిల్లయి బాధ దావీదుకు అర్థమైంది.

మన ప్రాంతంలో ఈ తరానికి ఒక ప్రత్యేకత ఉంది. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు తడిశాయి. కోస్తా జిల్లాల నుంచి ఎందరో కుటుంబాలతో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఊళ్లకు మిల్లులొచ్చాయి, కూలి దొరికింది, చిన్న చిన్న సంఘాలు కట్టబడ్డాయి. ఆ నీళ్లు వచ్చిన ఏడు ఇరవై రెండేళ్లున్న వ్యక్తికి ఇప్పుడు బర్జిల్లయి వయసు. మన చర్చిలకు గోడలెత్తింది, తడిక పందిరి కింద మొదటి ఆరాధనలకు కూర్చున్నది ఈ తరమే. వాళ్ల కష్టంతో చదివిన పిల్లలు హైదరాబాదు రోడ్డెక్కారు, అక్కడి నుంచి అమెరికా వెళ్లారు. చదివించడం తప్పా? కాదు. కాని దాని ఖరీదు ఎవరు కడుతున్నారో సంఘానికి తెలియాలి కదా!

ఒంటరితనం అంటే ఇంట్లో ఒక్కరే ఉండడమని మనం అనుకుంటాం. అలా కాదు. ఒక్కరే ఉన్నా సంతోషంగా ఉండేవారున్నారు. కొడుకు, కోడలు, మనవలు నిండిన ఇంట్లో వెనక గదిలో మంచం మీద, రోజంతా ఒక్క మాటైనా తనతో మాట్లాడేవారు లేక కుమిలిపోయేవారూ ఉన్నారు. చెవి వినపడదు కాబట్టి ఎవరూ రెండోసారి చెప్పరు. కళ్లకు పొర వచ్చింది కాబట్టి బైబిలు చదవలేరు. మోకాళ్లు సహకరించవు కాబట్టి గుడి మెట్లెక్కలేరు. వీడియో కాల్‌లో మనవడి ముఖం కనిపిస్తుంది గాని, ఫోన్ పెట్టేశాక ఇల్లు మునుపటికన్నా నిశ్శబ్దంగా ఉంటుంది.

ఇది మనసుకు మాత్రమే సంబంధించిన విషయం కాదని వైద్యులు గట్టిగానే చెబుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా 8,71,000 మరణాలకు దానితో సంబంధం ఉందని ఆ నివేదిక అంచనా. గుండెజబ్బు, పక్షవాతం, మతిమరుపు, కుంగుబాటు, వీటన్నిటికీ అది దారి తీయగలదు. బ్రిటన్ 2018లో ఏకంగా ఈ సమస్యకు ఒక మంత్రినే నియమించింది. మంత్రులు చేయగలిగింది కొంతే. ప్రతి వీధిలో మనుషులున్న, వారానికోసారి తప్పక కలుసుకునే కూటములు ప్రభుత్వాల చేతుల్లో లేవు, మన చేతుల్లో ఉన్నాయి.

మరి మనమేం చేస్తున్నాం? ఆదివారం ప్రార్థనలో “వృద్ధులను, విధవరాండ్రను జ్ఞాపకం చేసుకోండి ప్రభువా” అంటాం. ప్రభువు మరచిపోలేదు, జ్ఞాపకం చేసుకోవలసింది మనం. 2020 ఏప్రిల్‌లో సూర్యాపేటలో కూరగాయల మార్కెట్ చుట్టూ కరోనా కేసులు పెరిగి వీధులకు వీధులే మూసివేసినప్పుడు, ఆరాధనలు ఫోన్‌లలోకి వెళ్లాయి. మళ్లీ తలుపులు తెరిచాక యవ్వనస్థులు తిరిగొచ్చారు. రాని పెద్దలు కొందరున్నారు. ఎందుకు రాలేదో ఇంటికి వెళ్లి అడిగామా? ఆ ఖాళీల్లో కొత్త కుర్చీలు వేసుకున్నాం. సౌండు బాక్సులు పెద్దవయ్యాయి, పాత కీర్తనలు తగ్గాయి. కొన్నిచోట్ల ఆరాధన మేడమీదికి మారింది. ఎవరూ దురుద్దేశంతో చేసింది కాదు. కాని ఎనభై ఏళ్ల అవ్వకు ఆ మెట్లు ఒక మాట చెబుతున్నాయి, ఆమె దాన్ని సరిగ్గానే అర్థం చేసుకుంది.

ఆమె చనిపోయిన రోజున మాత్రం సంఘమంతా వస్తాం. ఫ్లెక్సీ కడతాం, షామియానా వేస్తాం, జ్ఞాపకార్థ కూడికలో ఒక్కొక్కరం మైకు పట్టుకొని ఆమె ప్రార్థనాపరురాలని సాక్ష్యమిస్తాం. ఆ సాక్ష్యాల్లో సగం ఆమె బతికుండగా మంచం పక్కన కూర్చొని చెప్పి ఉంటే విని ఎంత మురిసిపోయేదో!

యేసుప్రభువు కాలంలో ఒక ఆచారముండేది. తల్లిదండ్రులకు ఉపయోగపడవలసిన దానిని కొర్బాను, అంటే దేవునికి అర్పితం, అని ప్రకటించేస్తే ఇక వారికేమీ చేయనక్కరలేదు. మార్కు సువార్త 7వ అధ్యాయంలో ప్రభువు ఎంత కఠినంగా ఖండించాడో చదవండి. దశమభాగం తప్పకుండా ఇస్తూ, మందిర నిర్మాణానికి సిమెంటు బస్తాలు పంపుతూ, ఊళ్లో తల్లి మందుల చీటీ వైపు చూడని విశ్వాసులు నేడూ ఉన్నారు. అలాంటి కానుకను పుచ్చుకునేముందు “అమ్మ ఎలా ఉంది తమ్ముడూ?” అని అడిగే ధైర్యం కాపరులకు ఉండాలన్నది మా అభిప్రాయం. కానుక తగ్గినా సరే.

“మాకున్నది ఒక్క పాస్టరుగారు, మూడు ఊళ్లు తిరగాలి” అని పెద్దలంటారు. నిజమే. అపొస్తలులదీ అదే పరిస్థితి. గ్రీకు మాట్లాడే విధవరాండ్రను అనుదిన పరిచర్యలో పట్టించుకోవడం లేదని సణుగు పుట్టినప్పుడు, అపొస్తలులు తామే ఇల్లిల్లూ తిరుగుతామనలేదు. ఏడుగురిని ఏర్పరచమన్నారు (అపొ. కా. 6). సంఘంలో మొదటి కమిటీ భవనం కోసం కాదు, ముసలివాళ్ల భోజనం కోసం పుట్టింది! మన కమిటీల ఎజెండాలు చూస్తే ఆ సంగతి గుర్తుకు రాదు.

పరామర్శించడానికి వెళ్లేవారికి ఒక మనవి. వెళ్లగానే ప్రసంగం మొదలుపెట్టవద్దు. “కొడుకు ఫోన్ చేస్తున్నాడా?” అని పుండు మీద వేలు పెట్టవద్దు. అరగంట కూర్చోండి. పాత సంగతి మూడోసారి చెప్పినా మొదటిసారి విన్నట్టే వినండి. ఆమె అడిగిన కీర్తన పాడండి, ఆయన అడిగిన అధ్యాయం గట్టిగా చదవండి. గుడికి రాలేనివారికి ప్రభుభోజనం ఇంటికి తీసుకెళ్లండి, ఇద్దరు ముగ్గురు విశ్వాసులు వెంట వెళితే అదే సంఘం. చెరసాలలో ఉన్న పౌలు ఏమడిగాడు? చలికాలం ముంచుకు రాకముందే తిమోతిని రమ్మన్నాడు. త్రోయలో వదిలివచ్చిన అంగీ తెమ్మన్నాడు, పుస్తకాలు తెమ్మన్నాడు (2 తిమోతి 4). అంత గొప్ప అపొస్తలునికే మనిషి, దుప్పటి, చదువుకోవడానికి ఏదైనా కావలసివచ్చాయి.

పెద్దలు కేవలం మన దయ పుచ్చుకునేవారు కూడా కాదు. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో ఒక పని మొదలుపెట్టారు. దేశంలో మనోవైద్యులు బహు కొద్దిమంది. ఆయన నాయనమ్మల వంటి పెద్ద వయసు స్త్రీలకు శిక్షణనిచ్చి, ఆసుపత్రుల ఆవరణలో చెక్క బెంచీల మీద కూర్చోబెట్టారు. మనసు చెదిరినవారు వచ్చి వారితో మాట్లాడతారు. అది ఎంత బాగా పనిచేస్తుందో 2016లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. మన వేపచెట్టు కింది అరుగు ఏం తక్కువ? దేవాలయం విడువని ప్రవక్త్రి అన్న ఎనభై నాలుగేళ్ల విధవరాలు. శిశువైన యేసును గుర్తుపట్టి అందరికీ చెప్పిందామె. సండేస్కూలు పిల్లలకు పాత కీర్తనల రాగాలు నేర్పడం, ప్రార్థన మనవుల పట్టిక ఉంచుకొని ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం, కొత్తగా పెళ్లయిన కోడళ్ల కష్టం వినడం ఇలాంటివి వారికి అప్పగించి చూడండి.

బయటి సహాయం కూడా తెలుసుకొని ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గర ఫిర్యాదు చేయవచ్చు. మన మూడు పట్టణాల్లోనూ ఆర్డీఓ కార్యాలయాలున్నాయి. చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకొని, తరువాత చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించుకునే వీలు 23వ సెక్షన్‌లో ఉంది. 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేస్తే వయోవృద్ధులకు సలహా దొరుకుతుంది. 2023 డిసెంబరు 9న మొదలైన ఉచిత ప్రయాణంతో అవ్వలకు బస్సు చార్జీ బాధ తప్పింది. ఇంటి నుంచి బస్టాండు దాకా, బస్టాండు నుంచి గుడి దాకా ఎవరు తోడుంటారన్నదే మిగిలింది. సంఘంలో ఆటోలున్న సోదరులు లేరా?

మొదలుపెట్టడానికి ఒక నోటుబుక్కు చాలు. గత మూడు నెలల్లో ప్రభుభోజనానికి రాని అరవై ఏళ్లు దాటినవారి పేర్లు ఒక వైపు, వెళ్లినవారి పేరు, తేదీ మరో వైపు. నెలకోసారి కమిటీలో తెరిచి చూడాలి, తేదీ లేని గడి ఉంటే ఆ వారమే ఎవరో ఒకరు వెళ్లాలి. ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉండాలన్నది మీరే తేల్చుకోండి. మమ్మల్నడిగితే స్త్రీల సమాజం కార్యదర్శి దగ్గర ఉంచమంటాం. ఎవరి ఇంట్లో ఎవరు ఎన్నాళ్ల నుంచి గుమ్మం దాటలేదో ఆమెకు పుస్తకం తెరవకుండానే తెలుసు.