జాకీ దిగితే ట్రైనరా?

మా మలక్‌పేట రేస్‌కోర్సు పక్కగా తెల్లవారుజామున నడిస్తే గిట్టల చప్పుడు వినిపిస్తుంది. 1886లో, ఆరో నిజాం కాలంలో, మౌలాలి నుంచి ఇక్కడికి వచ్చిన పందేలివి. గుర్రమెక్కేది జాకీ, దాన్ని తయారుచేసేది ట్రైనర్. జాకీగా పేరు మోశాడు కదా అని రేపటి ట్రైనర్ మీద రూపాయి ఒడ్డే పందెగాడు ఈ పేటలో దొరకడు.

అమెరికాలో శాక్రమెంటో కింగ్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టు ఒడ్డింది. వ్లాదే దివాచ్ ఆ జట్టుకు ఎంత బాగా ఆడాడంటే, అతని 21వ నంబరు జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా దాచేశారు. ముంబైలో పుట్టిన వివేక్ రణదివే ఆ జట్టు యజమాని. ఆయన హయాంలోనే 2015లో దివాచ్ చేతికి పగ్గాలు వచ్చాయి. 2018లో కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వేళ రెండో వంతు కింగ్స్‌దే. దివాచ్ మార్విన్ బాగ్లీని తీసుకున్నాడు. వదిలేసిన కుర్రాడు, తర్వాత పెద్ద తారగా ఎదిగిన లూకా డాన్చిచ్. దివాచ్ ఆడిన పాత యుగోస్లావియా నేల మీద పుట్టినవాడే! 2020లో దివాచ్ తప్పుకున్నాడు.

మన సయ్యద్ నయీముద్దీన్ కథ అలా కాదు. 1944లో హైదరాబాద్‌లో పుట్టి, సిటీ పోలీస్ జట్టుకు ఆడి, కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కీ మోహన్ బగాన్‌కీ డిఫెన్సు కాశారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన ఫుట్‌బాల్ జట్టుకు ఆయనే కెప్టెన్. బూట్లు విప్పాక కోచ్ అయ్యారు. 1990లో ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడు ఐఎఫ్ఏ షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ మూడూ కొట్టింది. 2005లో కరాచీలో భారత్ శాఫ్ కప్పు గెలిచినప్పుడూ కోచ్ ఆయనే. అర్జున, ద్రోణాచార్య రెండూ ఉన్న ఇల్లు.

ఈ ఊళ్లో ఆ విద్యకు ఒజ్జ ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్. బడిపంతులు. ఆయన చేతిలో సిటీ పోలీస్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. డిఫెన్సులో పెడితే బంతిని తలతో ఆపాలి. ఇంకొకరైతే బెంచి మీద కూర్చోబెట్టేవారు. రహీం అతన్ని ముందుకు తోసి ఫార్వర్డ్ చేశారు. సెమీఫైనల్లో గోల్, ఫైనల్లో గోల్. దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం. నా దృష్టిలో జట్టు నడపడమంటే అది. కాలితో బంతి తన్నడానికీ, ఎవరి కాలు ఎక్కడ పనికొస్తుందో కనిపెట్టడానికీ కావలసిన కళ్లు వేరు.

ఆ కళ్లున్నవాళ్లకు మనం కోచ్ పదవి ఇస్తాం, ఓడిపోతే తీసేస్తాం. పైసలు, మైదానాలు, నియామకాలు మాత్రం సంఘాల పెద్దల గుప్పిట్లోనే. 1937లో పుట్టిన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు మాజీ ఆటగాడు అధ్యక్షుడు కావడానికి 2022 దాకా పట్టింది. అలా వచ్చినవారు గోల్‌కీపర్ కల్యాణ్ చౌబే. అంతకుముందే 2019లో లోక్‌సభకు పోటీచేసి ఓడిన నాయకుడు కూడా. సమాఖ్య ఎన్నికలో ఆయనకు 33 ఓట్లు పడ్డాయి. ఎదురు నిలిచినవాడు దేశానికి ఏళ్ల తరబడి కెప్టెన్‌గా ఆడిన బైచుంగ్ భూటియా. అతనికి పడింది ఒక్క ఓటు.