నాయనమ్మ పాట యూనివర్సిటీకి వెళ్ళింది

పోయినవారం ఊరగాయ జాడీల సంగతి చెప్పుకున్నాం. ఈవారం వంటింట్లోంచి కాస్త బయటికి వచ్చి పిల్లల పాటల గురించి మాట్లాడుకుందాం.

మా అమ్మాయి వరంగల్లులో కాకతీయ యూనివర్సిటీలో పీజీ చదువుతోంది. మా దమ్మపేట నుంచి వెళ్ళాలంటే సత్తుపల్లి, ఖమ్మం మీదుగా బస్సులు మారాలి. కిందటేడు ఒకరోజు రాత్రి ఫోన్ చేసి, "అమ్మా, నన్ను పాటల బృందంలోకి తీసుకున్నారు, రోజూ సాయంత్రం ప్రాక్టీసు" అని సంబరంగా చెప్పింది. పొయ్యి మీద పప్పు పొంగుతోంది. "నిన్ను చదువుకోవడానికి పంపామా, పాటలు పాడటానికి పంపామా? రానని చెప్పు" అనేశాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "సరేలే అమ్మా" అని పెట్టేసింది.

ఆ "సరేలే" ఎలాంటిదో నాకు బాగా తెలుసు. ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ వార్షికోత్సవంలో నలుగురం ఆడపిల్లలం కలిసి పాడాం. మర్నాడు వీధిలో ఎవరో "మీ పిల్ల స్టేజీ ఎక్కిందటగా" అన్నారని మా నాన్న "ఇక చాలు" అన్నాడు. నేనూ "సరేలే నాన్నా" అన్నాను. ఆ తర్వాత నా గొంతు మంగళహారతికీ, పిల్లల జోలపాటకే పరిమితమైపోయింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అయినా ఆ మాట ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు.

పొద్దున్నే మా అత్తయ్యగారు కాఫీ గ్లాసు పట్టుకుని, "పిల్లకి వద్దని చెప్పావటగా. మేం నాట్లేసేటప్పుడు పాట లేకుండా వంగామా? ఒకత్తి అందుకుంటే పదిమందిమి పలికేవాళ్ళం. నడుంనొప్పి తెలిసేదా?" అన్నారు. నాకు జవాబు దొరకలేదు. వెంటనే అమ్మాయికి ఫోన్ చేశాను.

పాడుకోమని ఊరికే వదిలేశానని అనుకోకండి. నాలుగు సంగతులు అడిగాను. ప్రాక్టీసు దగ్గర ఏ మేడమ్‌గారో, సారుగారో ఉంటారా? ఎన్నింటికి అయిపోతుంది? హాస్టలుకి ఎవరితో కలిసి వస్తావు? హాజరు తగ్గితే ఏం చేస్తారు? అన్నిటికీ తడుముకోకుండా చెప్పింది. పిల్ల సూటిగా జవాబు చెబుతోందంటే అక్కడ అంతా పద్ధతిగానే ఉందన్నమాట. మీరూ ముందు వద్దనేయకుండా ఈ నాలుగూ అడిగి చూడండి.

ఈ బృందాలు ఏం చేస్తాయో నాకూ అప్పటిదాకా తెలియదు. దేశంలోని యూనివర్సిటీలన్నిటికీ కలిపి భారత విశ్వవిద్యాలయాల సంఘం అని ఒకటుంది, 1925లో పుట్టింది. ఆ సంఘం తరఫున యువజనోత్సవాలు జరుగుతాయి. ముందు యూనివర్సిటీలో పిల్లల్ని ఎంచుకుంటారు, తర్వాత కొన్ని రాష్ట్రాలు కలిసిన జోన్‌లో పోటీ, అక్కడ గెలిస్తే జాతీయస్థాయి. పాతికేళ్ళు నిండని విద్యార్థులే పాల్గొనాలి. శాస్త్రీయ సంగీతం, లలిత గీతం, బృందగానం, జానపద వాద్యాలు అని విభాగాలుంటాయి.

మా అమ్మాయిది బృందగానం. పాడేవాళ్ళు ఆరుగురికి మించకూడదు, వాయించేవాళ్ళు ముగ్గురికి మించకూడదు. పది నిమిషాల్లో రెండు పాటలు పాడాలి, ఒకటి దేశభక్తి గీతం, ఒకటి జానపదం. సినిమా పాట పనికిరాదు. ఇంకో మంచి మాట, మార్కులు పాటకే గాని బట్టలకీ, మేకప్‌కీ కాదు. అందుకే పట్టుచీర కొనాలేమోనన్న నా బెంగ తీరింది!

సినిమా పాట వద్దనేసరికి పిల్లలు ఇరకాటంలో పడ్డారు. జానపదం అంటే వాళ్ళకి తెలిసినవన్నీ సినిమాల్లో విన్నవే. అప్పుడు మా అమ్మాయి ఫోన్ చేసి "అమ్మా, నాయనమ్మకివ్వు" అంది. అత్తయ్యగారు మంచం మీద కూర్చుని నాటు పాట ఎత్తుకున్నారు. రెండు చరణాలు బాగానే వచ్చాయి. మూడోది గుర్తు రాలేదు. మా పొలంలో ఇప్పుడు వరి లేదు, పామాయిల్ తోట వేశాం. గెలలు కోసి అప్పారావుపేట ఫ్యాక్టరీకి పంపుతాం. ఆ పనిలో నాటు పాటతో పనేముంది? ఏళ్ళ తరబడి పాడకపోతే పాట మాత్రం ఎక్కడ నిలుస్తుంది? చివరికి మా వీధి చివర ఉండే మరో పెద్దావిణ్ణి పిలిచి, ఇద్దరూ తలా ఒక ముక్క అందిస్తే చరణం పూర్తయింది. పక్కన కూర్చున్న నేనూ తెలియకుండానే గొంతు కలిపాను.

తర్వాత వరంగల్లు వెళ్ళినప్పుడు ప్రాక్టీసు చూశాను. ఒక హార్మోనియం, ఒక డోలక్, చుట్టూ ఆరుగురు పిల్లలు. మా అమ్మాయిది పెద్ద గొంతు. "నువ్వు తగ్గించు, పక్కవాళ్ళది విను" అని పాడించే సారు ఆపుతూనే ఉన్నారు. ఒక్క లైనే పది పన్నెండుసార్లు పాడించారు. ఇంట్లో ఒక్కమాట అంటే మొహం ముడుచుకునే పిల్ల, అక్కడ నవ్వుతూ మళ్ళీ మొదలుపెట్టింది. పదిమందిలో తన గొంతు ఎంత ఉండాలో తెలుసుకోవడం చిన్న చదువు కాదు. రేపు ఉద్యోగంలో అయినా, అత్తవారింట్లో అయినా పనికొచ్చేదే.

కలిసి పాడటాన్ని తక్కువగా చూడకండి. 1938లో నిజాం పాలనలో ఉస్మానియా యూనివర్సిటీ హాస్టలు విద్యార్థులు వందేమాతరం పాడితే పెద్దలు వద్దన్నారు. పిల్లలు వినలేదు. వందలమందిని చదువులోంచి తీసేశారు. చాలామంది నాగపూర్ వెళ్ళి చదువుకున్నారు. అప్పుడు హనుమకొండలో చదువుతూ ఆ ఉద్యమంలో చేరి నాగపూర్ వెళ్ళినవారిలో పి.వి. నరసింహారావుగారు ఒకరు. 1991లో ఆయన ప్రధానమంత్రి అయ్యారు. మా అమ్మాయి చదివే యూనివర్సిటీ ఉన్నది ఆ హనుమకొండలోనే.

మన అడవి పల్లెల్లో పాటకేం కొదవ? కోయవారి రేలా పాటలు వినని ఊరు మా వైపు లేదు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యగారు డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మల కథలు పాడేవారు. 2022లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. 2024లో కన్నుమూశారు. అలాంటివారు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే ఆ పాటలు ఎవరు పాడతారు? మాకు దగ్గర్లోనే అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల ఉంది. వ్యవసాయ యూనివర్సిటీల పిల్లలకీ విడిగా దేశస్థాయి యువజనోత్సవం ఉంది. ఇలాంటి చోట్ల చదివే మన పిల్లలు పాడితేనే కదా ఈ పాటలు నిలిచేది.

ఇక పోటీ సంగతి అడుగుతారు. మా పిల్లల బృందానికి బహుమతి రాలేదు. అమ్మాయి ఆ రాత్రి ఏడ్చింది, మర్నాటికి తేరుకుంది. సెలవులకి వచ్చి ఫోన్‌లో రికార్డు చేసుకున్న పాట నాయనమ్మకి వినిపించింది. ఆవిడ కళ్ళు మూసుకుని మొత్తం విని, "మూడో చరణం తొందరపడ్డారే. నాట్లకి అంత పరుగు పనికిరాదు" అన్నారు. అమ్మాయి ఉక్రోషపడకుండా పుస్తకం తెచ్చుకుని పక్కన కూర్చుంది. ఈ ఏడు మళ్ళీ పాడుతుందట. పరీక్షల మార్కులు ఎప్పటిలాగే ఉన్నాయి, తగ్గలేదు.

పాడే పిల్లలున్న అమ్మలకి రెండు చిన్న చిట్కాలు. హాస్టలుకి సున్నుండలు, కారప్పూస పంపేటప్పుడు పాటకి ముందు కారప్పూస జోలికి పోవద్దని చెప్పండి. గొంతు బొంగురుపోతే గోరువెచ్చని నీళ్ళు తాగించి, అరవకుండా రెండురోజులు గొంతుకి విశ్రాంతి ఇవ్వమనండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి.

చివరగా ఒక్క కోరిక. ఈవారం సరుకుల చీటీ రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీ తిప్పి, మీ అత్తగారికో అమ్మకో వచ్చిన ఒక పాట పూర్తిగా రాసిపెట్టండి. నాటు పాట, తిరగలి పాట, బతుకమ్మ పాట, ఏదైనా సరే. మీ పిల్ల ఎప్పుడో ఒకరోజు ఫోన్ చేసి అడుగుతుంది. అప్పుడు మూడో చరణం కోసం వీధి చివరిదాకా పరుగెత్తే పని ఉండదు.

ఉంటానమ్మా. వచ్చేవారం కందిపొడి కబుర్లతో కలుద్దాం.