గండికోటలో గుడారాల బస.. బాధ్యత ఎవరిది?

* లోయ అంచున రాత్రి విడిది
* కోట గోడల వెలుపల నిర్ణీత స్థలమే పరిష్కారం

ఎర్రగుంట్ల: కడప జిల్లాకు సముద్రతీరం లేదు. తీరాన గుడారం వేసుకుని రాత్రి గడపాలంటే ఇక్కడివారు సూర్యలంకకో, విశాఖకో వెళ్లాల్సిందే. ఆ లోటును కొంతవరకు తీరుస్తున్నది పెన్నా నది. జమ్మలమడుగుకు 15 కిలోమీటర్ల దూరంలోని గండికోట వద్ద ఎర్రమల కొండలను చీల్చుకుంటూ నది సుమారు 300 అడుగుల లోతైన లోయను ఏర్పరచింది. అక్కడి సూర్యోదయాన్ని చూసేందుకు వారాంతాల్లో బెంగళూరు, హైదరాబాద్‌ల నుంచీ యువత వస్తోంది. టెంట్ల అద్దె స్థానిక యువకులు కొందరికి ఉపాధిగా మారింది. అయితే రాత్రి బసకు వచ్చేవారి భద్రత, పారిశుద్ధ్యం ఎవరి బాధ్యత అన్నది తేలాల్సి ఉంది.

చేరుకోవడం సులువే

చెన్నై-ముంబయి ప్రధాన మార్గంలోని ఎర్రగుంట్లలో రైలు దిగి, జమ్మలమడుగు మీదుగా రోడ్డు మార్గాన కోటకు చేరుకోవచ్చు. 2016లో ఎర్రగుంట్ల-నంద్యాల రైలుమార్గం పూర్తయ్యాక జమ్మలమడుగుకూ రైలు వచ్చింది. జమ్మలమడుగు నుంచి తిరుగు ప్రయాణానికి సైతం వాహనం ముందే మాట్లాడుకోవడం మేలు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. వేసవిలో పగలంతా కాగిన బండలు రాత్రి కూడా సెగ కక్కుతాయి. పర్యాటకాభివృద్ధి సంస్థకు చెందిన హరిత హోటల్‌లో గదులు పరిమితం. తాగునీరు, టార్చిలైటు, దుప్పట్లు, ప్రథమ చికిత్స సామగ్రి వెంట తెచ్చుకోవాలి.

అంచున ఆదమరిస్తే అంతే

లోయ పొడవునా కంచె వేయడం సాధ్యం కాదు. వేసినా ప్రకృతి అందం చెడుతుంది. కనుక దూరమే రక్షణ. బండరాతిపై గుడారం మేకులు దిగవు. గాలి వీస్తే గుడారం నిలవదు. చీకట్లో అంచు ఎక్కడుందో కొత్తవారికి తెలియదు. కోటకు ఎగువన 26.85 టీఎంసీల సామర్థ్యం గల గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. ఎగువ నుంచి నీరు వదిలితే లోయలో నీటిమట్టం మారుతుంది. వరదల కాలంలో నదిలోకి దిగడం ప్రాణాలతో చెలగాటమే.

చట్టం చెబుతున్నదేమిటి?

పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోట కేంద్ర పురావస్తు శాఖ పరిధిలోని రక్షిత కట్టడం. మాధవరాయస్వామి, రంగనాథస్వామి ఆలయాలు, జామియా మసీదు, ధాన్యాగారం కోట లోపలే ఉన్నాయి. ఒక గ్రామమూ అక్కడే ఉంది. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత ప్రాంతం నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపై మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పర్యాటకులు గుడారం వేయాలని కోరుకునే చోట కొత్త వసతి భవనాలు కట్టడానికి వీలుండదు. ఫలితంగా చెత్త, దుర్గంధం కోటకు, గ్రామస్థులకు మిగులుతాయి.

నిధులున్నాయి.. ప్రణాళిక కావాలి

గండికోట అభివృద్ధికి 2024 నవంబరులో కేంద్రం రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. మూలధన పెట్టుబడులకు ప్రత్యేక సాయం పథకం కింద ఇచ్చే ఈ మొత్తం 50 ఏళ్ల వడ్డీలేని రుణం. అంటే ఎప్పటికైనా రాష్ట్రం తీర్చాల్సిన అప్పు. దానికి తగ్గ ప్రయోజనం స్థానికులకు అందాలి.

కోట గోడలకు, నిషిద్ధ పరిధికి వెలుపల, లోయకు తగినంత దూరంలో విడిది స్థలాన్ని గుర్తించడం మొదటి మెట్టు. హద్దులు గీసిన స్థలాలు, నీటి ట్యాంకు, స్త్రీ, పురుషులకు వేర్వేరు మరుగుదొడ్లు, దీపాలు, రాత్రి కాపలా ఏర్పాటు చేస్తే చాలు. పెద్ద భవనాల అవసరం లేదు. బస చేసేవారి వివరాలు నమోదు చేయాలి. తెచ్చిన ప్లాస్టిక్‌ను తిరిగి అప్పగించేలా చూడాలి. సూర్యోదయ వేళ లోయ వద్దకు నడిచి వెళ్లేందుకు దారి చూపితే సరిపోతుంది.

టెంట్లు అద్దెకిచ్చే యువకులను తరిమివేయడం పరిష్కారం కాదు. వారికే అనుమతి పత్రాలిచ్చి, శిక్షణ ఇచ్చి, బాధ్యత అప్పగించాలి. దారి, గాలి, అంచు తెలిసినవారు వారే. ప్రమాదం జరిగాక గుడారాలను నిషేధిస్తే పోయిన ప్రాణం రాదు, ఉన్న ఉపాధీ పోతుంది.