మంచం దిగలేనివారికి మెట్లే దిక్కా?

అపార్ట్‌మెంట్లలో వృద్ధాశ్రమాలు.. భవనం ఎత్తునే చూసే నిబంధనలు.. నిప్పంటుకుంటే ఎవరిని ఎవరు మోసుకెళ్లాలో తేలని వైనం

పిల్లలు అమెరికాలోనో, బెంగళూరులోనో స్థిరపడ్డారు. తల్లిదండ్రులు కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో మిగిలిపోయారు. పక్షవాతమో, మతిమరుపో, తుంటి ఎముక విరగడమో సంభవిస్తే చూసే దిక్కుండదు. ఈ అవసరంలో నుంచే విజయవాడ, గుంటూరు, హైదరాబాద్ వంటి నగరాల్లో ప్రైవేటు వృద్ధాశ్రమాలు, సంరక్షణ కేంద్రాలు పుట్టుకొచ్చాయి. వీటిలో ప్రత్యేకంగా కట్టిన భవనాల్లో నడిచేవి కొన్నే. కుటుంబాల నివాసానికి కట్టిన ఇళ్లను, అపార్ట్‌మెంట్ ఫ్లాట్లను అద్దెకు తీసుకుని నడిపేవీ ఉన్నాయి. అక్కడ మంచాలు మారాయి, మనుషులు మారారు. భవనం మాత్రం మారలేదు. అపాయమంతా అక్కడే పొంచి ఉంది.

ఇల్లుగా కట్టిన భవనంలో నిప్పంటుకుంటే అందులోని వారు తమ కాళ్లమీద తాము మెట్లు దిగి బయటపడగలరన్నది నిర్మాణ నిబంధనలకు మూలమైన ఊహ. మంచం పట్టినవారికి, చక్రాల కుర్చీలో తిరిగేవారికి, అలారం మోగినా అదేమిటో బోధపడని మతిమరుపు రోగులకు ఆ ఊహ వర్తించదు. మామూలు అపార్ట్‌మెంట్‌లో అగ్నిప్రమాద సమయాన లిఫ్టు వాడరాదు. అంటే మిగిలేది మెట్ల దారి ఒక్కటే. ఆ దారిని వాడుకోలేనివారే ఈ ఫ్లాట్లలో ఎక్కువ.

విజయవాడ నేర్పిన పాఠం

వాడకం మారినా భవనం మారకపోతే ఏమవుతుందో విజయవాడకు తెలియనిది కాదు. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున స్వర్ణ ప్యాలెస్ హోటల్‌లో మంటలు చెలరేగాయి. బస చేసేవారి కోసం కట్టిన ఆ హోటల్ అప్పటికి కొవిడ్ బాధితుల సంరక్షణ కేంద్రంగా నడుస్తోంది. పది మంది అసువులు బాశారు. ప్రాణభీతితో కొందరు పై నుంచి కిందికి దూకారు. హోటల్‌లో దిగేవారు ఆరోగ్యవంతులు, రోగులు కారు. ఆ తేడాను లెక్కలోకి తీసుకోకుండా గదులను మాత్రమే లెక్కించడం ఎంత ప్రమాదమో ఆ ఉదయం చాటి చెప్పింది.

కొవిడ్ కేంద్రాలు మూతపడ్డాయి. అదే ధోరణి వృద్ధుల సంరక్షణ విషయంలో నేటికీ కనిపిస్తోంది. దేశ రాజధానిలోనూ ఇందుకు ఉదాహరణ ఉంది. 2023 జనవరి 1 తెల్లవారుజామున దక్షిణ ఢిల్లీ గ్రేటర్ కైలాష్ ప్రాంతంలోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో మంటలు రేగి ఇద్దరు వృద్ధ మహిళలు మరణించారు. ఖరీదైన ప్రాంతమైనంత మాత్రాన రక్షణ ఉన్నట్లు కాదని ఆ ఘటన తేటతెల్లం చేసింది.

ఎత్తుకే లెక్క.. అశక్తతకు లేదు

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన అగ్నిమాపక సేవల చట్టం కింద నిరభ్యంతర పత్రం అవసరమైన భవనాలను ప్రధానంగా ఎత్తును బట్టి నిర్ణయించారు. వాణిజ్య భవనాలకు 15 మీటర్లు, నివాస భవనాలకు 18 మీటర్లు హద్దు. పాఠశాలలు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల వంటి జనం గుమికూడే చోట్లకు మరింత కఠినంగా 6 మీటర్ల ఎత్తు లేదా 500 చదరపు మీటర్ల స్థలం దాటితే చాలన్నారు. పార్కింగ్‌పై నాలుగైదు అంతస్తులు లేచే సాధారణ అపార్ట్‌మెంట్లు చాలావరకు నివాస భవనాల హద్దుకు లోబడే ఉంటాయి. వాటిలో రెండో అంతస్తులోని ఫ్లాటు ఆశ్రమంగా మారినా కాగితాల్లో అది నివాసమే.

జాతీయ భవన నిర్మాణ స్మృతి మాత్రం ఈ తేడాను స్పష్టంగా గుర్తించింది. 2016 నాటి స్మృతి అపార్ట్‌మెంట్లను నివాస భవనాల వర్గంలో చేర్చింది. వృద్ధాశ్రమాలు, అనాథాశ్రమాల వంటి వాటిని ఆసుపత్రులతో పాటు సంస్థాగత భవనాల వర్గంలో ఉంచింది. అక్కడ నివసించేవారు స్వయంగా తప్పించుకోలేరన్నదే ఈ విభజనకు ఆధారం. ఆసుపత్రుల్లో ఒక్కో అంతస్తును నిప్పు, పొగ దాటని గోడలు, తలుపులతో విభాగాలు చేసి, రోగులను ముందు అదే అంతస్తులోని పక్క విభాగంలోకి మార్చే పద్ధతి ఇందుకే వచ్చింది. మెట్లు దించడం తర్వాతి మాట. ఫ్లాటులో పక్క విభాగమంటూ ఉండదు. ఒకటే గుమ్మం, ఒకటే వరండా, ఒకటే మెట్ల దారి.

స్మృతి మార్గదర్శి మాత్రమే. దాన్ని రాష్ట్రాలు, పురపాలక సంఘాలు తమ నిబంధనల్లో చేర్చి అమలు చేస్తేనే దానికి బలం. ఫ్లాటు ఆశ్రమంగా మారిన రోజున ఆ సంగతి అగ్నిమాపక కేంద్రానికి తెలియకపోతే స్మృతిలోని వర్గీకరణ పుస్తకానికే పరిమితం.

మంట కంటే ముందే పొగ

ఇటీవలి ఘోరాలను పరిశీలిస్తే ప్రాణాలు తీసినది అనేక సందర్భాల్లో మంట కాదు, పొగ. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో విద్యుత్ ద్విచక్ర వాహనాల షోరూంలో రేగిన నిప్పు పై అంతస్తుల్లోని లాడ్జిని పొగతో నింపింది. ఎనిమిది మంది మరణించారు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింది భాగంలో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని ఆ రోజే తొమ్మిది మంది బలయ్యారు. 2025 మే 18న పాతబస్తీ గుల్జార్ హౌజ్ వద్ద, కింద దుకాణాలు, పైన నివాసం ఉన్న భవనంలో 17 మంది మృత్యువాత పడ్డారు. వారిలో ఎనిమిది మంది చిన్నారులు. కోల్‌కతాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 2011 డిసెంబరు 9న నేలమాళిగలో మొదలైన పొగ పైకి పాకి 90 మందికి పైగా ఉసురు తీసింది. వారిలో అత్యధికులు మంచాల మీది రోగులే.

ఈ ఘటనలన్నింటిలోనూ నిప్పు కింద పుట్టింది, ప్రాణం పైన పోయింది. మెట్ల దారి పొగగొట్టంగా మారడమే ఇందుకు ముఖ్య కారణం. మెట్ల కింద కరెంటు మీటర్ల బోర్డు, దాని పక్కనే ఇన్వర్టర్ బ్యాటరీలు, పార్కింగ్‌లో రాత్రంతా చార్జింగ్‌లో ఉండే విద్యుత్ స్కూటర్లు, మెట్ల మలుపుల్లో పాత పరుపులు, అట్టపెట్టెలు.. అపార్ట్‌మెంట్లలో నిత్యం కనిపించే దృశ్యమిది. పైన ఆశ్రమం ఉన్నప్పుడు దీని ప్రమాదం రెట్టింపవుతుంది. ఆక్సిజన్ సిలిండర్లు, నురగ పరుపులు, దోమల చుట్టలు, దేవుడి గూట్లో దీపం అందుకు తోడు.

రక్షణ పేరిట తాళం

మతిమరుపు ఉన్నవారు రాత్రివేళ బయటికి వెళ్లిపోతారన్న భయంతో నిర్వాహకులు గ్రిల్ తలుపులకు తాళాలు వేస్తారు. వారి భయం నిరాధారం కాదు. కానీ తాళం చెవి ఎవరి దగ్గర ఉంది, ఆ మనిషి ఎక్కడ నిద్రిస్తున్నాడన్న ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ రక్షణే ఉరి అవుతుంది. తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న మానసిక రోగుల ఆశ్రమంలో మంటలు రేగినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కాలిపోయారు. సుప్రీంకోర్టు ఆ దుర్ఘటనను స్వయంగా విచారణకు చేపట్టింది. మానసిక రోగులను గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. గొలుసులు పోయాయి. తాళాల సంగతి ఎవరికీ పట్టలేదు.

బ్రిటన్ అనుభవం

వృద్ధులు, దివ్యాంగులు సహాయకుల తోడ్పాటుతో సొంత ఫ్లాట్లలో నివసించే ఏర్పాటు బ్రిటన్‌లో ఎంతోకాలంగా ఉంది. ఆ దేశమూ గుణపాఠాలను ప్రాణాలు చెల్లించే నేర్చుకుంది. స్కాట్లాండ్‌లోని రోజ్‌పార్క్ వృద్ధాశ్రమంలో 2004 జనవరి 31న ఒక అలమరలో పుట్టిన నిప్పు 14 మంది వృద్ధులను బలిగొంది. పడక గదుల తలుపులు తెరిచి ఉండటం, అగ్నిమాపక దళానికి కబురు ఆలస్యంగా అందడం అక్కడ తేలిన లోపాలు. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ దగ్ధమై 72 మంది మరణించారు. అందులో నివసిస్తున్న 37 మంది దివ్యాంగుల్లో 15 మంది ప్రాణాలు కోల్పోయారు.

నడవలేని ప్రతి ఒక్కరికీ, ఆపద వేళ ఆ మనిషిని ఎవరు, ఏ దారిన తరలించాలో ముందే రాసిపెట్టాలని గ్రెన్‌ఫెల్ విచారణ సంఘం 2019లో సిఫార్సు చేసింది. ప్రభుత్వం తొలుత వెనుకాడింది. బాధితుల పోరాటం తర్వాత 2025లో ఇంగ్లండ్‌కు నిబంధనలు రూపొందాయి. వాటి అమలుకు 2026 ఏప్రిల్ 6ను తేదీగా నిర్ణయించారు. సిఫార్సు నుంచి అమలుకు ఆరేళ్లకు పైగా పట్టింది. కావలసింది కోట్ల రూపాయల యంత్రాలు కాదు, మనిషికో కాగితం. దానికే ఇంత జాప్యం.

బాధ్యత ఎవరిది?

మెట్ల దారి అపార్ట్‌మెంట్ సంఘానిది. ఫ్లాటు యజమానిది. మంచాలు నిర్వాహకుడివి. డబ్బు పంపేది పిల్లలు. ప్రమాదం జరిగితే ఒకరు మరొకరి వైపు వేలు చూపడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు. అన్నింటినీ కలిపి చూడవలసింది జిల్లా యంత్రాంగమే. అందుకు చట్టాలు లేకపోలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ జిల్లాలోని దివ్యాంగుల వివరాలు నమోదు చేసి, ఆపదల గురించి వారిని అప్రమత్తం చేయాలి. ఆ వివరాలు స్థానిక అగ్నిమాపక కేంద్రానికి చేరితే నిచ్చెన ముందుగా ఏ కిటికీకి వేయాలో సిబ్బందికి తెలుస్తుంది.

కఠినంగా వ్యవహరించి అన్నింటికీ తాళం వేయడం తేలికైన పనే. ఆ తర్వాత ఆ వృద్ధులు ఎక్కడికి పోవాలి? జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటిచ్చే ఆశ్రమాలను దశలవారీగా నెలకొల్పాలని 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వ ఆశ్రమాలు చాలనంతవరకు ప్రైవేటు ఆశ్రమాల అవసరం తీరదు. మూసివేత బెదిరింపు ఉంటే నిర్వాహకులు ఉనికిని దాచిపెడతారు. గడువిచ్చి లోపాలు సరిదిద్దించడం, నమోదును తప్పనిసరి చేయడం మధ్యేమార్గం.

చేయదగినవి చాలానే..

సరిదిద్దుకోవలసిన వాటిలో ఎక్కువ భాగానికి ఖర్చు స్వల్పం. మంచం దిగలేనివారిని కింది అంతస్తులోకి మార్చడం అన్నింటికంటే ముందుది. మెట్ల దారిలో ఏ వస్తువూ ఉంచరాదు. ప్రతి గదిలో పొగను పసిగట్టి మోగే పరికరం ఉండాలి. రాత్రి పడక గదుల తలుపులు దగ్గరగా వేసి ఉంచాలి, మూసిన తలుపు పొగను కొన్ని విలువైన నిమిషాలపాటు ఆపుతుంది. గ్రిల్ తాళం చెవి రాత్రి విధుల్లో ఉన్న ప్రతి ఒక్కరి వద్దా ఉండాలి. పాత వైరింగ్‌ను ఏటా పరీక్షించి, కరెంటు లీకైతే సరఫరా ఆపే పరికరాలు అమర్చాలి. లేవలేని మనిషిని పరుపుతో సహా, లేదా గట్టి దుప్పటిపై పడుకోబెట్టి ఈడ్చుకుంటూ పక్క గదిలోకి చేర్చే పద్ధతిని సహాయకులకు నేర్పాలి. పొగ కనిపించగానే ముందు 101కు గానీ, 112కు గానీ ఫోన్ చేయాలి. ఆర్పే ప్రయత్నం ఆ తర్వాతే.

అపార్ట్‌మెంట్ సంఘాలకూ ఇందులో పాత్ర ఉంది. ఆశ్రమం లేని భవనంలోనూ ఏదో ఒక ఫ్లాటులో సహాయకురాలి తోడుతో బతుకుతున్న వృద్ధ దంపతులు ఉంటారు. ఏ అంతస్తులో ఎవరు నడవలేరో రాసిన జాబితా వాచ్‌మన్ గదిలో ఉంటే వచ్చిన అగ్నిమాపక సిబ్బందికి వెతుకులాట తప్పుతుంది.

విజయవాడ, ఢిల్లీ, ఎర్వాడి దుర్ఘటనలు మూడూ తెల్లవారుజామున, జనం గాఢ నిద్రలో ఉండగా జరిగినవే. పగటిపూట వచ్చే తనిఖీ అధికారికి గోడకు వేలాడే ఎర్ర సిలిండర్ కనిపిస్తుంది. రాత్రి రెండు గంటలకు ఆ ఫ్లాటులో లేవలేనివారు ఎందరు, మేలుకుని ఉన్న సహాయకులు ఎందరు అన్న లెక్క కనిపించదు. తల్లిదండ్రులను చేర్పించే పిల్లలు, అనుమతులిచ్చే అధికారులు ముందుగా అడగవలసింది ఆ లెక్కే.