ఎగరని రాకెట్ ఎందుకే?

నేను కంప్యూటర్ గదిలో ఆటలాడి కరెంటు తగలేస్తన్నానని కొందరు అంటన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ఆట పేరు పౌడర్ టాయ్. డబ్బులక్కర్లేదు. తెర మీద ఇసక, నీళ్ళు, నిప్పు చుక్కలుగా పోయొచ్చు. ప్లుటోనియం, హైడ్రోజన్ కూడా ఉన్నాయి. వాటితో అణు రాకెట్ ఇంజను చేద్దామనుకున్నాను. మామూలు రాకెట్‌లో ఇంధనం మండుతుంది. ఇందులో ఏదీ మండదు. రియాక్టరు పొయ్యిలాగ కాగుతుంది, దాని మధ్య నుంచి హైడ్రోజన్ పోతే వేడెక్కి వెనక నుంచి తన్నుకొస్తుంది. అంబలి కుండ మూతని ఎగరేసేది ఆవిరే కదా, అలాగ. హైడ్రోజన్ అన్నింటికన్నా తేలిక, అదే వేడికి ఎక్కువ జోరుగా పోతుంది. అందుకని కిలో ఇంధనానికి మామూలు రాకెట్ కంటే ఇంచుమించు రెట్టింపు పని.

ఇటుకతో కట్టింది మూడుసార్లు పేలింది. నాలుగోసారి వజ్రంతో కట్టాను. ఆటలో వజ్రం పగలదు. (వజ్రాల రాకెట్ ఎవరు కొంటారో!) ప్లుటోనియం చిటికెడే వేసాను. వేడి గ్యాసు బయటకు చిమ్మింది. కానీ రాకెట్ కదల్లేదు. ఆ ఆటలో గోడలు కదలవు. "ఏటే గుంటా, ఎగరని రాకెట్ ఎందుకే?" అని పక్క మంచం అక్క నవ్వింది.

అక్కా, అమెరికా వాళ్ళదీ ఎగరలేదు. 1959 నుంచి నెవాడా ఎడారిలో అలాంటి ఇంజన్లని నేలకు బిగించి, మొదట్లో మూతి పైకి పెట్టి కాల్చి చూసారు. 1968లో ఒకటి 4,000 మెగావాట్లకు పైగా వేడి ఇచ్చింది. 1973లో పని ఆపేసారు. ఒక్కటీ ఆకాశానికి పోలేదు. వాళ్ళది ప్రయోగమైతే నాది ఆటా? మన పొందూరు ఖాదీకి దూది ఏకేది వాలుగ చేప దవడతో. అది పనికొస్తుందని మొదట ఎవరో ఆడి చూసే ఉంటారు.

ఒక్క దగ్గర ఆట అబద్ధం చెప్తుంది. పేలితే ఒక్క నొక్కుతో అంతా తుడుచుకుపోతుంది. మన జిల్లాలోనే రణస్థలం దగ్గర కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం కడతామని ఏళ్ళుగా అంటన్నారు. అక్కడ తుడిచే బొత్తం ఉండదు. వేడి ఎలా పుడుతుందో, ఎలా ఆపుతారో తెలియకపోతే మనం ఏమని అడుగుతాం? మా ఇంట్లో బడికొచ్చింది నేనే మొదలు. ఎవరైనా కాగితం ఇస్తే మా అమ్మ వేలిముద్ర వేస్తుంది. నేను ముందు చదువుతాను, తరవాత అడుగుతాను.

కాబట్టి ఆదివారం భోజనాలయ్యాక గంటసేపు ఆ గది తాళం తియ్యాలి. ఎనిమిది మందికి ఒక మౌస్ కాకుండా వంతులేసుకుని అందరం పట్టుకోవాలి. ఈసారి నేను రియాక్టరుని ఆపడం చేస్తాను. వెలిగించడం కంటే అదే కష్టంగా ఉంది.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని