ఫారిన్ డిగ్రీకి నాచారంలో ధర ఎంత?

“బయటి దేశంలో చదివొస్తే ఇంటర్వ్యూలో వాడికి తిరుగుండదు.” ఉప్పల్‌లో పెళ్లిచూపుల దగ్గర్నుంచి కన్సల్టెన్సీ బల్ల దాకా ఇదే మాట. ఇళ్లు తాకట్టు పెట్టించే ఈ మాటను నిలదీసేవాళ్లే లేరు. నాకు మాత్రం ఇందులో సగం అబద్ధం, మిగతా సగం వ్యాపారం కనిపిస్తాయి.

నాచారం పారిశ్రామికవాడనే తీసుకుందాం. మందుల పరిశోధన కంపెనీలకు పేరున్న చోటు. ఒకప్పటి జీవీకే బయో, ఇప్పటి అరాజెన్ ఇక్కడిదే. ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివినవాళ్లు ఇలాంటి ఉద్యోగాలకు వెళ్తే ఎదురయ్యే ప్రశ్నలు ఏ దేశంవీ కావు. ఈ రియాక్షన్ మెకానిజం గీయి. ఈ ఎన్ఎమ్ఆర్ చూసి అణువేదో చెప్పు. టీఎల్‌సీలో రెండు చుక్కలు కలిసిపోతే ఎలా విడదీస్తావు? ఉస్మానియా వాడికైనా మాంచెస్టర్ వాడికైనా సరైన జవాబు ఒకటే. ల్యాబ్‌లో రాత్రులు గడిపినవాడు చెబుతాడు, గడపనివాడు నీళ్లు నములుతాడు.

పోనీ, అమెరికాలోనే ఉద్యోగం వెతుక్కుంటాడనుకుందాం. చదువయ్యాక పని చేసుకోవడానికిచ్చే అనుమతి, అంటే ఓపీటీ, ఏడాది; సైన్స్, టెక్నాలజీ లాంటి స్టెమ్ కోర్సైతే మరో 24 నెలలు. మొదటి ఏడాదిలో పని లేకుండా 90 రోజులు దాటితే వీసాకే ముప్పు. ఆ భయాన్ని సొమ్ము చేసుకోవడానికి మనవాళ్లవే కొన్ని కన్సల్టెన్సీలు కాచుకుని ఉంటాయి. వాళ్ల భాషలో దాని పేరు ‘మార్కెటింగ్’: రెజ్యూమేలో లేని ఏడేళ్ల అనుభవం ఎక్కిస్తారు, ఇంటర్వ్యూకి ప్రాక్సీని కూర్చోబెడతారు. విదేశీ చదువు ఇంటర్వ్యూలో అంత అండైతే, ఆ ఇంటర్వ్యూ ఇవ్వడానికి ఇంకో మనిషెందుకండీ?

చదువు లేకుండా వీసా కాగితం కోసమే చేరితే ఏమవుతుందో 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ చూపించింది, దాన్ని అప్పుడే మరిచిపోయాం. అమెరికా అధికారులే వల పన్ని పెట్టిన బూటకపు సంస్థ అది. పాఠాలు లేవు, చెప్పేవాళ్లూ లేరు. మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది.

“మరి హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో పెద్దపెద్ద శాస్త్రవేత్తలు విదేశాలకు వెళ్లొచ్చినవాళ్లే కదా?” అంటారు. నిజమే. అక్కడ పనిచేసిన శాస్త్రవేత్త లాల్జీ సింగ్‌నే చూడండి. బనారస్‌లో పాముల క్రోమోజోముల మీద పీహెచ్‌డీ ముగించాక, 1974లో కామన్వెల్త్ ఫెలోషిప్ మీద ఎడిన్‌బరో వెళ్లారు. అప్పు చేసి కాదు. వెళ్లేటప్పటికే ఆయన దగ్గర తేల్చుకోవాల్సిన ప్రశ్న ఉంది. దానికి కావాల్సిన ల్యాబ్ అక్కడుంది. కట్లపాము డీఎన్‌ఏ మీద చేసిన ఆ పనే, ఆయన 1987లో సీసీఎంబీకి వచ్చాక, మన దేశంలో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు ఆధారమైంది. అంతటి పని చేతిలో ఉన్నవాడికి యూనివర్సిటీ పేరు చెప్పుకోవాల్సిన అవసరమేముంటుంది?

అలా వెళ్లేవాళ్లతో నాకు పేచీ లేదు. ప్రొఫెసర్ దగ్గర థీసిస్ రాసి, క్లాసులో పాఠం చెప్పి, తప్పైన ఫలితాన్ని నలుగురిలో ఒప్పుకోవడం అలవాటైన పిల్లలు ఏ బోర్డు ముందైనా తడబడకుండా మాట్లాడతారు. నా పేచీ డిగ్రీ కాగితాన్నే ఆ పనితనంగా చూపించి అమ్మేవాళ్లతో.

తల్లిదండ్రులు సంతకం పెట్టేముందు కన్సల్టెన్సీలో ఒక్క మాట అడగాలి: “మావాడు అక్కడ ఎవరి దగ్గర, ఏం పని నేర్చుకుంటాడు?” బ్యాంకు లోన్ ఎంతొస్తుందో, స్ప్రింగ్ ఇంటేక్‌కి ఎన్ని సీట్లు మిగిలాయో గడగడా చెబుతారు.